చర్చి వెనకాల తుకడా

తోరణగల్లులో నేనుండే కంపెనీ క్వార్టర్స్ గేటు బయట వారానికొకసారి సంత జరుగుతుంది. మొన్నటి సంతలో సిరిగేరి వైపు నుంచి టెంపోలో వచ్చిన ఒక రైతు, టమాటాలను తొడిమలతో, అక్కడక్కడా ఆకులతో సహా గోనెపట్ట మీద కుప్పపోసి కూర్చున్నాడు. మామూలుగా మాకు దొరికేవి ఎక్కడి నుంచో ప్లాస్టిక్ పెట్టెల్లో వచ్చే నున్నటి కాయలు, వాటికి వాసనంటూ ఉండదు. ఆ రోజు కాయలు ఏరుతుంటే ఒక ఆకు నా వేళ్ళ మధ్య నలిగింది. పచ్చిగా, ఘాటుగా, వేళ్ళకు ఆకుపచ్చటి జిడ్డులా అంటుకుని ఎంత కడిగినా పోని ఆ వాసన టమాటా చెట్టు పెంచినవాళ్ళకే తెలుస్తుంది. నేను సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏమక్కా, కావల్నా వద్దా, చెప్పు బేగ" అని ఆయన రెండోసారి అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఇంటికొచ్చి ఆ సాయంత్రమంతా చెయ్యి కడుక్కోలేదు. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో ఎందుకు కడుక్కోలేదని అడిగేవాళ్ళు లేరు.

నా చిన్నతనం తెక్కలకోటలో, ఊరి చివరి మిషన్ కాంపౌండులో గడిచింది. మా తాతల కాలంలో దొరలు కట్టించిన బూడిదరంగు రాతి చర్చి, దాని ముందు వేపచెట్లు, పక్కన వరసగా పెంకుటిళ్ళు, వెనకాల పెద్ద దిగుడు బావి. బావికి అవతల, ఎవరో గుండ్లు పేర్చిపోయినట్టుండే కొండ మొదలు దాకా ఉన్న ఎర్రనేలను సంఘంలో ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్కగా పంచి ఇచ్చారు. ఎవరి ముక్కలో వాళ్ళు ఇంటికి కావలసిన కూరగాయలు పండించుకోవచ్చు, బీడు మాత్రం పెట్టకూడదు. వాటిని తోటలని ఎవరూ అనేవారు కాదు. తుకడా అనేవారు. "మీ అమ్మ యాడికి పోయె?" అని ఎవరైనా అడిగితే "తుకడాలో ఉండాది" అంటే చాలు, ఇంకేమీ అడక్కుండా అటే నడిచేవారు.

అమ్మ మిషన్ హాస్టల్లో వంట చేసేది. పొద్దున్నే పిల్లలకు ఉప్పిట్టు, మధ్యాహ్నం అన్నం సారు వండిపెట్టి, ఎండ కొంచెం వాలేసరికి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తుకడాలోకి దిగేది. నేను బడి సంచీ గట్టు మీద పడేసి ఆమె వెనకాలే తిరిగేదాన్ని. మా తుకడాలో ఒక పక్క వంగ, ఒక పక్క టమాటా, గట్ల వెంబడి గోగాకు, మధ్యలో చిన్న మళ్ళు చేసి మెంతి, కొత్తిమీర, ముల్లంగి, బావి వైపు పందిరి మీద బీర, ఎండ ఎక్కువ తగిలే మూల మటిక్కాయలు ఉండేవి. మీ వైపు గోరుచిక్కుడంటారు, మేము మటిక్కాయలంటాం; మీ గోంగూర మాకు గోగాకు. వానాకాలంలో తడి మట్టి కాలివేళ్ళ మధ్య నుంచి చల్లగా పైకి ఉబికేది. చలికాలం పొద్దున మెంతి ఆకుల మీద మంచు నిలిచి, మడి మొత్తం ఎవరో తెల్లటి పలచని గుడ్డ పరిచినట్టుండేది. లేత బెండకాయలు కోసేటప్పుడు అమ్మ తొడిమలు కత్తిరించి నాకిచ్చేది. వాటిని ముక్కుకీ చెంపలకీ అంటించుకుని నేను పుంజులా కొక్కొరోకో అంటే, ఆమె నవ్వి నవ్వి గట్టు మీద కూలబడేది. కోసిన వంకాయలు అప్పటికప్పుడు ఇంట్లో నూనెగాయ అయ్యేవి. వేడి జొన్నరొట్టె, దాని మీద నువ్వులు శెనక్కాయల పొడి కూరిన ఆ వంకాయ, పక్కన రోట్లో నూరిన గోగాకు ఊరుబిండి, కొరుక్కోవడానికి అప్పుడే పీకిన ముల్లంగి. పండుగలకు కజ్జికాయలు, పూర్ణం ఓళిగలు చేసేవారు గానీ, పండుగ రుచి అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ మామూలు రోజుల రొట్టే.

నాయన అప్పట్లో లారీ డ్రైవరు. పేరు దేవదానం. లోడు ఎత్తుకుని ఎక్కడెక్కడికో పోయి, ఎప్పుడో వచ్చి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, మళ్ళీ పోయేవాడు. తుకడాలో ఏముందో, ఏది ఎప్పుడు వేస్తారో ఆయనకు తెలియదు. నాకు నాయన అంటే తలుపు వెనక వేలాడే ఖాకీ చొక్కా, దాని డీజిల్ వాసన.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఎండాకాలం చివర్లో అమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తగ్గకపోతే బళ్ళారి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడే చనిపోయింది. కొండ పక్కన మా వాళ్ళ సమాధుల దగ్గర పాతిపెట్టి వచ్చిన రోజు సాయంత్రం కాంపౌండులో అందరి ఇళ్ళలోనూ పొయ్యిలు వెలిగాయి, మా ఇంట్లో తప్ప. కొన్నాళ్ళు అందరూ వంతులేసుకుని గిన్నెల్లో అన్నం కూర తెచ్చిపెట్టారు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు, వాళ్ళను తప్పు పట్టడానికేమీ లేదు.

నన్ను ఒంటరిగా వదలలేక నాయన లారీ మానేసి, తెక్కలకోటకూ సిరుగుప్పకూ మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరుగా కుదిరాడు. రోజూ సాయంత్రానికి ఇంటికి వచ్చేవాడు. కానీ ఇంట్లో మాట లేదు. "తిన్యావా?" "తిన్యా." "తలుపు ఏసుకో." అంతే. అమ్మ పేరు ఆయన ఎత్తేవాడు కాదు, ఆయన ఎత్తడు కాబట్టి నేనూ ఎత్తేదాన్ని కాదు. గోడకు అవతల పక్కింటివాళ్ళు రొట్టె తట్టే చప్పుడు, రేడియోలో కన్నడ పాటలు, పిల్లల్ని కేకలేసే గొంతులు వినబడుతుంటే, నేను గడప మీద కూర్చుని ఆ చప్పుళ్ళన్నీ ఏ ఇంటివో పోల్చుకుంటూ పొద్దు పుచ్చేదాన్ని.

వానలు మొదలైనా మా తుకడాలోకి ఎవరూ దిగలేదు. అన్ని ముక్కలూ పచ్చబడుతుంటే మాది గరిక పెరిగి, అమ్మ వేసిన వంగచెట్లు సగం ఎండిపోయి, బీర పందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒకరోజు సంఘ పెద్ద యేసురత్నమప్ప మా గడప దాకా వచ్చాడు. చెడ్డమనిషి కాదు, నియమం మనిషి.

"ఏమప్పా దేవదానం, తుకడా అట్ల బీడు పెడ్తే ఎట్లప్పా? వేరేవాళ్ళు అడుగుతాండారు. కోత పండుగ దాకా చూస్తాం. అప్పటికి నీ తుకడాలోది ఏమన్నా తెచ్చి దేవుని ముందర పెట్టినావంటే నీకే ఉంటాది. లేకుంటే ఇంకొకరికి ఇస్తాం, ఏమనుకోవద్దు."

నాయన తల వంచుకుని "కానీప్పా" అన్నాడు. అంతే అన్నాడు. ఆ వంగచెట్లు అమ్మ నాటినవి. వాటిని ఎవరో పీకి పారేస్తారు, ఆ గట్టు మీద ఎవరో కూర్చుంటారు అనుకుంటే ఆ రోజు అన్నం దిగలేదు. నాయనకు అదేమీ పట్టలేదనుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి చొక్కా కూడా మార్చుకోలేదు. మూల నుంచి పార తీసుకుని, "పాపా, రా" అన్నాడు. తుకడా మధ్యలో నిలబడి, ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి నన్నే అడిగాడు.

"మీ అమ్మ ముందర ఏం చేస్తాండె?"

అమ్మ పోయిన తర్వాత ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. నేను బావి వైపు చూపించి అన్నాను, "ముందర నీళ్ళు పెడ్తాండె. నేల మెత్తగైనాక తవ్వుతాండె."

"నీళ్ళు పెట్టి తవ్వేదా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నేను ఇట్లే తవ్వేదనుకుంటి."

అలా మొదలైంది. నారు ఎట్ల పోస్తాండె, పేడ యాడ నుంచి తెస్తాండె, మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం పెడ్తాండె, ఆకుకు పురుగు పడితే ఏం చల్లుతాండె. ప్రతిదానికీ నన్ను అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. నాకు తెలియనివి పక్క తుకడాలో ఉండే సుగుణత్త చెప్పేది. ఆమె హాస్టల్లో అమ్మతో పాటు వంట చేసిన మనిషి, భర్త లేడు, పెద్ద గొంతు. మేము ఏం చేస్తున్నా గట్టు అవతల నుంచి అరిచేది. "నీళ్ళు సాకు, ఇంక చాలించు దేవదానమప్పా, చెట్టుకు పోస్తాండావా, చెరువు నింపుతాండావా?" నాయన మొహమాటంగా నవ్వి బక్కెట్టు దించేవాడు. ఇంట్లో అమ్మ పేరు రాలేదు. కానీ తుకడాలో ప్రతి మాటలోనూ అమ్మే ఉండేది. ఇంటికి రాగానే మళ్ళీ "తిన్యావా", "తలుపు ఏసుకో." అందుకని నేను సాయంత్రం కోసం పొద్దుటి నుంచే కాచుకునేదాన్ని.

వంగ తిప్పుకుని చిగురేసింది, టమాటా పిందెలు పట్టింది, మటిక్కాయ మొక్కలు జానెడు ఎత్తు లేచాయి. కోత పండుగకు బుట్ట నింపి తీసుకుపోవచ్చనుకున్నాం. అలాంటప్పుడు ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి తుకడా దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. కొండ కింద మేసే మేకల మంద కంచె పడిపోయిన చోట నుంచి దిగి, చివరిదైన మా ముక్కలో మధ్యాహ్నమంతా మేసి పోయింది. కాడలు మిగిలాయి, అంతే. టమాటా చెట్లు మట్టిలోకి తొక్కబడి, నలిగిన ఆకుల వాసన గాలి నిండా నిండి ఉంది.

నాయన డ్యూటీ నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. గట్టు మీద కూర్చున్నాడు. అందరూ ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, రెండు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. అమ్మను పాతిపెట్టిన రోజు కూడా ఆయన కళ్ళలో నీళ్ళు చూడలేదు నేను. ఏం చెయ్యాలో తెలియక పక్కనే కూర్చుని ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. ఏడుపు తగ్గాక ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. పెళ్ళి చేసుకుని అమ్మను ఆదోని నుంచి తీసుకొచ్చిన రోజు, ఇల్లు చూపిద్దామంటే, "ఇల్లు యాడికీ పోదులే, ముందర బావి యాడుండాదో చూపీ" అని అడిగిందట. బావి చూసి, ఈ ముక్క చూసి, అప్పుడు ఇంట్లోకి వచ్చిందట. పందిరి వేసిన సంవత్సరం బీరకాయలు కాసి కాసి, ఆయన లారీలో కూడా సంచీ పెట్టి పంపిందట, దారిలో ఎవరికైనా ఇమ్మని. ఆయన ఇంటికొచ్చి నిద్రపోతుంటే, "నీ మొగమే చూసినట్టుండాది గానీ నీతో మాట్లాడినట్టే లేదు" అని కోప్పడేదట. చెప్పి, "నిజమే పాపా, మాట్లాడలేదు" అన్నాడు. పొద్దు గూకేదాకా చెప్తూనే ఉన్నాడు. నేను అన్ని మాటలు ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

మర్నాడు సుగుణత్త తన తుకడాలో నుంచి వంగ నారు పీకి తెచ్చి మా గట్టు మీద పెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ తలా ఇన్ని మొక్కలు ఇచ్చారు. "ఇవి పండుగకు రావు, మెంతులు చల్లప్పా, బేగ వస్తాది" అన్నది ఆమె. కంచె కట్టి, నేల సరిచేసి, మెంతులు చల్లాం. అవి మొలిచిన పొద్దున నేను పరుగెత్తుకుని ఇంటికి వచ్చి నాయనను నిద్ర లేపి లాక్కుపోయాను.

కోత పండుగ రోజు చర్చి స్తంభాలకు జొన్న కంకులూ చెరుకుగడలూ కట్టారు. అయ్యగారు నిలబడే ఆల్తారు మెట్ల మీద గుమ్మడికాయలు, వరి పనలు, సొరకాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. అయ్యగారు ప్రసంగం చేస్తుంటే కోళ్ళు మధ్య మధ్యలో కొక్కొక్కో అనేవి, పిల్లలం నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. కుటుంబాల పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరు తమ పంట తీసుకెళ్ళి పెట్టారు. మా వంతు వచ్చినప్పుడు నాయన చిన్న బుట్టలో మెంతి కట్టలు పట్టుకుని లేచాడు. అంత పెద్ద గుమ్మడికాయల పక్కన మా బుట్ట బొమ్మల పెళ్ళికి తెచ్చినట్టుంది. నాయన దాన్ని రెండు చేతులా మెట్ల మీద పెట్టి వచ్చాడు. పండుగ అయ్యాక బయట వేపచెట్టు కింద అన్నీ వేలం వేశారు. మా మెంతి కట్టలు యేసురత్నమప్పే పాడుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన బాగుండాదప్పా" అన్నాడు. తుకడా మాకే ఉండిపోయింది.

ఆ తర్వాతి రెండు మూడేళ్ళే నా బాల్యం అని ఇప్పుడు అనిపిస్తుంది. సాయంత్రమైతే నేనూ నాయనా తుకడాలో ఉండేవాళ్ళం. ఆయన నీళ్ళు తోడి పోస్తే నేను కాలువ మళ్ళించేదాన్ని. బస్సులో జరిగిన సంగతులు, సిరుగుప్ప దగ్గర వరిమళ్ళ మధ్య కొంగలు లేచిన తీరు, కండక్టరు కొట్లాటలు, ఆయన చిన్నప్పటి దొంగతనపు మామిడికాయలు, అన్నీ చెప్పేవాడు. నేను బడి సంగతులు చెప్పేదాన్ని. ఎండాకాలంలో నీళ్ళు తక్కువైతే, ఎవరి వంతుకు వాళ్ళు బావి మెట్లు దిగి కుండలతో మోసేవాళ్ళం. తడిసిన మట్టి వాసనలో, పురుగుల రొదలో, చర్చి గంట మోగేదాకా ఆయన గొంతు వింటూ కూర్చోవడం కంటే నాకు వేరే ఆట అక్కర్లేకపోయింది.

తోరణగల్లులో ఉక్కు ఫ్యాక్టరీ వచ్చి, కార్మికులను తీసుకుపోయే బస్సులకు డ్రైవర్లు కావాలన్నారు. పర్మనెంటు ఉద్యోగం, ఉండడానికి క్వార్టరు, నాకు మంచి హైస్కూలు. పోకుండా ఎలా ఉంటారు? వెళ్ళే ముందురోజు ఉన్న కాయలన్నీ కోసి కాంపౌండులో పంచి, తుకడా సుగుణత్తకు అప్పజెప్పాం.

మాకిచ్చింది రెండో అంతస్తులో ఇల్లు. నాయన బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టి టమాటా వేశాడు. ఆకుల మీద రోజూ ఎర్రటి, నల్లటి దుమ్ము పేరుకునేది. తడిగుడ్డతో తుడిచేవాడు. పూత వచ్చి రాలిపోయింది. తర్వాత కుండీలు ఖాళీగా ఉండిపోయాయి. షిఫ్టులు మారుతుండేవి. నేను లేచేసరికి ఆయన పడుకునేవాడు, ఆయన లేచేసరికి నేను బడికి పోయేదాన్ని. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఇద్దరమూ ఏదో చెప్పబోయి, "తిన్యావా?" దగ్గర ఆగిపోయేవాళ్ళం. కొన్నిసార్లు ఆయన బాల్కనీలోకి వెళ్ళి ఖాళీ కుండీలో మట్టిని వేలితో కెలుకుతూ నిలబడేవాడు. నేను లోపలి నుంచి చూసేదాన్ని. నేను చదువుకుని, ఇక్కడి స్కూల్లోనే టీచరునయ్యాను. పెళ్ళి కుదరలేదు, తర్వాత నాకే వద్దనిపించింది. ఒకే ఇంట్లో అన్నేళ్ళున్నాం. నిరుడు వానాకాలంలో నాయన గుండెపోటుతో పోయాడు. ఆసుపత్రిలో ఒక పగలంతా స్పృహలోనే ఉన్నాడు. ఏదైనా చెప్తాడని పక్కనే కూర్చున్నాను. నర్సుతో ఫ్యాను కొంచెం తగ్గించమన్నాడు. అంతే.

సంత రోజు తర్వాత వచ్చిన ఆదివారమే తెక్కలకోటలో కోత పండుగ అని తెలిసి, బస్సెక్కి వెళ్ళాను. చాలా ఏళ్ళ తర్వాత. బావి మీద ఇనుప జాలీ వేసేశారు. తుకడాలు ఉన్న చోట పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే కమ్యూనిటీ హాలు, దాని చుట్టూ సిమెంటు నేల. గుమ్మడికాయలు, సొరకాయలు ఇప్పుడూ ఆల్తారు మెట్ల మీద పెట్టారు గానీ, అన్నీ మార్కెట్లో కొన్నవేనట, క్యాలీఫ్లవర్లకు ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. సుగుణత్త ఉంది. ఒంగిపోయింది గానీ గొంతు అదే. హాలు మెట్ల మీద నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాయన రావడం నిలిచినంక ఈడికి వచ్చేవాళ్ళే లేకపోయిరి పాపా."

"నాయన ఈడికి ఎప్పుడు వచ్చె అత్తా?"

ఆమె నా మొహం చూసింది. "నీకు తెలీదా ఏంది? సెలవున్నప్పుడంతా వస్తాండె కదా. ఈ హాలు కట్టే దాకా, ఎన్నేండ్లో. పొద్దున బస్సుకు వచ్చి, నాతో పాటు తుకడాలో పని చేసి, సాయంత్రం పోతాండె. సంచీ నిండా కూరగాయలు పెట్టి పంపిస్తాంటి."

సెలవు రోజుల్లో ఆయన అదనపు డ్యూటీ ఉందని చెప్పి వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు తెచ్చిన వంకాయలు, మటిక్కాయలు దారిలో సంతలో కొన్నానని చెప్పేవాడు. నేను అవి వండి పెట్టేదాన్ని. ఇద్దరం తినేవాళ్ళం.

"ఏం మాట్లాడ్తాండె అత్తా, ఈడికొచ్చి?"

"ఏముంది, నీ సంగతే. నా బిడ్డకు టీచరుద్యోగం వచ్చె, నా బిడ్డ కన్నడం ఎంత బాగా మాట్లాడ్తాదో, నా బిడ్డ రొట్టె వాళ్ళమ్మ మాదిరే చేస్తాది. ఒక్కసారి నోరు తెరిస్తే ఆపుతాండ్లేదు." ఆమె నవ్వి, మళ్ళీ అంది. "ఒక్కటే బాధ ఆయప్పకు. 'పాప నాతో మాట్లాడదు సుగుణమ్మా, ఈడ ఉన్నప్పుడు ఎంత మాట్లాడ్తాండె, ఆడికి పోయినంక ఏమాయెనో, నేను ఏమన్నా అంటే తిన్యా అంటాది, అంతే' అని."

వేపచెట్టు కింద మైకులో వేలంపాట మొదలైంది. ఎవరెవరో కేకలేస్తున్నారు. సుగుణత్త కోడలు వచ్చి ఆమెను భోజనానికి లేపుకుపోయింది. నేను హాలు చుట్టూ నడిచాను. బావి నుంచి ఎంత దూరమో, కొండకు ఎటు పక్కో అంచనా వేసుకుంటూ మా తుకడా ఉండిన చోటు వెతికాను. అక్కడ పెళ్ళివాళ్ళ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక కుర్చీ కిందకు దించుకుని కూర్చున్నాను. ఎండ వాలే వేళ. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలిసి, చిన్నగా "నాయనా" అన్నాను. సిమెంటు నేల నా గొంతును నాకే గట్టిగా వినిపించింది. అయినా ఆపలేదు. స్కూల్లో ఆ వారం జరిగిన సంగతి ఒకటి మొదలుపెట్టి, సాయంత్రం బస్సు వేళయ్యేదాకా చెప్తూ ఉన్నాను.